వగీదా గారి వృత్తి నిర్ధారణ

ప్రపంచంలో ప్రతి మనిషికీ ఒక ఆత్మ, ఒక నీడ, ఒక వృత్తి ఉంటాయి. మొదటి రెండిటి సంగతి దేవుడు చూసుకుంటాడు. మూడోది మాత్రం ప్రభుత్వమే నిర్ణయించి, గుర్తింపు కార్డు వెనకవైపు అచ్చువేసి ఇస్తుంది. అచ్చయినదానికి తగినట్టు బతకడం పౌరుడి బాధ్యత. నా కార్డు మీద ఇరవై ఆరేళ్లుగా ‘విద్యార్థి’ అని ఉంది. ఈలోగా నాకు బట్టతల వచ్చింది, అల్లుడు వచ్చాడు, పత్రికలో వారం వారం రాసే ఈ శీర్షిక వచ్చింది. పట్టా మాత్రం (కార్డు ప్రకారం) ఇంకా రాలేదు.

నేను సర్దుకుపోయాను. వగీదా సర్దుకుపోలేదు. అందుకే ఈ వారం ఆవిడ సంగతి.

కైరోకి ఉత్తరాన ఉన్న మా ఊరి పేరు తంటా. (పేరు విని ఇప్పుడే నవ్వకండి. ఇక్కడి కార్యాలయంలో పని పడ్డాక నవ్వవచ్చు.) స్టేషను వీధిలో డాక్టర్ రిఫ్అత్ గారి మందుల షాపులో వగీదా ఇరవై ఒక్క ఏళ్లు పనిచేసింది. అంతకుముందు మౌలిద్ తిరునాళ్లలో పంచదార సెనగల పొట్లాల మీద కొనేవాళ్ల పేర్లు రాసేది. ఇంకా ముందు, కోర్టు బయట దరఖాస్తులు రాసిపెట్టే ముసలాయన పక్కన స్టూలు వేసుకుని, ఆయన కొట్టివేసినవన్నీ తీసేసి సాఫు ప్రతి రాసేది. కార్డు మీద ఆవిడ వృత్తి ‘మందుల షాపు పనివారు’. నిజానికి అక్కడ ఆవిడ చేసే పని ఒకటే. డాక్టర్లు రాసింది చదవడం.

ఇదేమంత పని అనుకునేవాళ్లు మా ఊరి డాక్టర్ల రాత చూసి ఉండరు. మా డాక్టర్లు ఏడేళ్లు కష్టపడి వైద్యం చదువుతారు. ఆ ఏడేళ్లలో అక్షరాలు ఒక్కొక్కటే మరచిపోతారు. వగీదా షాపులో చేరిన తొలి ఏడాది, దర్జీ అబూ సబ్రీకి రాసిన కంటి చుక్కల పేరును అప్పటి గుమాస్తా ఇంకోలా చదివి, చెవి చుక్కలు ఇచ్చి పంపాడు. అబూ సబ్రీ వాటిని నిజాయితీగా కంట్లో వేసుకున్నాడు. మూడు వారాలు అతనికి సూదిలో దారం ఎక్కించే చూపు లేకపోయింది. ఆ చీటీ తాను కూడా చూశానని, ‘అది చెవిది కాదేమో’ అని అనిపించినా కొత్తదాన్ని కదా అని నోరు మూసుకున్నానని వగీదా నాతో చాలాసార్లు చెప్పింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ నోరు మూసుకోలేదు, ఎప్పుడూ తప్పు చదవలేదు.

ఒక్కో డాక్టరుకు ఒక్కో నోటు పుస్తకం పెట్టింది. ఎముకల డాక్టరు, మా లిపిలో అక్షరాన్ని అక్షరం నుంచి వేరుచేసే చుక్కలు పెట్టడు. భార్యతో గొడవైన రోజు మాత్రం కాగితం చిరిగేలా పెడతాడు. పిల్లల డాక్టరమ్మ ఉదయం రాసే ‘ఐదు’ సాయంత్రానికి ‘సున్న’లా సన్నబడిపోతుంది (మా అంకెల్లో ఐదు గుండ్రంగా, సున్న చుక్కలా ఉంటాయి). ఇలాంటివి ముప్పై నాలుగు పుస్తకాలు. పక్క వీధి షాపులవాళ్లు, తర్వాత పక్క ఊళ్లవాళ్లు, ఫోన్లో ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. “వగీదమ్మా, ఇది మందు పేరా, డాక్టరుగారి సంతకమా?” రోజుకి వంద, నూట యాభై. అన్నిటికీ జవాబిచ్చేది.

ఐదేళ్ల కింద అక్షరాల అంచులు మసకబారడం మొదలైంది. కళ్ల డాక్టరు లైటు వేసి చూసి, చీటీ మీద ఏదో గిలికి, “ఏం భయం లేదమ్మా” అన్నాడు. ఆవిడ బల్లకి ఇవతలనుంచే, తలకిందులుగా, ఆ గిలుకుడు చదివేసింది. భయం ఉందని రాసి ఉంది. మెల్లగా తగ్గే చూపు, తిరిగి వచ్చేది కాదు.

“ఉస్తాద్ సఫ్వత్,” అంది ఆ సాయంత్రం నాతో, రక్తపోటు బిళ్లల పెట్టె నా ముందు పెడుతూ, “నా కళ్లు పోయేలోపు నా చదువు ఇంకెక్కడైనా దాచిపెట్టాలి.”

“బ్యాంకు లాకర్లోనా?” అన్నాను. (నేను వ్యంగ్య రచయితను. అలాంటి సమయాల్లోనే ఇలాంటివి నోటికొస్తాయి.)

“యంత్రంలో,” అంది.

మధ్యాహ్నం షాపు మూసే రెండు గంటల్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఆ పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది భారతదేశం వాళ్లు. వాళ్ల ఇంగ్లీషు వేగం అందుకోవడం కష్టమని అందరూ అంటారు. వగీదాకు ఇంగ్లీషే రాదు కాబట్టి ఆ ఇబ్బంది కలగలేదు. తెరమీద వాళ్లు ఏం టైపు చేస్తున్నారో చూసి, అదే టైపు చేసి, తప్పొస్తే మళ్లీ మొదటినుంచి. రెండేళ్లు. ముప్పై నాలుగు పుస్తకాలూ, దాచుకున్న లక్ష ఫోటోలూ అందులోకి ఎక్కించింది. తయారైన యాప్‌కి ‘ఖత్’ అని పేరు పెట్టింది. అంటే రాత. చీటీకి ఫోటో తీస్తే మందు పేరు, మోతాదు స్పష్టంగా చెబుతుంది. నమ్మకం లేకపోతే ‘నాకు తెలియడం లేదు, డాక్టరును అడగండి’ అంటుంది. (మన దేశంలో ఈ మాట అనగలిగిన మొదటి వ్యవస్థ ఇదే.) ఏడాదిలో డెల్టా ప్రాంతమంతా కలిపి ఆరువందల నలభై షాపులు దాన్ని వాడసాగాయి.

అలాంటి పనికొచ్చే వస్తువు ఒకటి ఉందని తెలియగానే సంబంధిత మండలి దాన్ని ఆపేసింది. వృత్తి నిర్ధారణ కార్యాలయం ద్వారా వచ్చిన నోటీసులో కారణం న్యాయంగానే ఉంది: ప్రతి ఉత్పత్తికీ నమోదైన తయారీదారు ఉండాలి, తయారీదారు అయ్యేవారి వృత్తి తయారుచేయడం అయి ఉండాలి, మందుల షాపు పనివారి వృత్తి మందుల షాపులో పని. కాబట్టి ‘ఖత్’ను ఎవరూ తయారుచేయలేదు. ఎవరూ తయారుచేయని వస్తువును షాపులు వాడటం ప్రజారోగ్యానికి ప్రమాదం.

వగీదా ఆ రోజే షాపులన్నిటికీ యాప్ ఆపేసింది. మర్నాటినుంచి మళ్లీ ఫోన్లో ఫోటోలు. ఈసారి రోజుకి వంద కాదు, వెయ్యి. కార్డు మీద వృత్తి మార్పించుకుంటే నమోదు జరుగుతుందని ఎవరో చెప్పారు. నన్ను తోడు రమ్మంది. ‘విద్యార్థి’కి సెలవులకు లోటేముంది, వెళ్లాను.

వృత్తి నిర్ధారణ ఉపకార్యాలయం రెండో అంతస్తులో ఉంది. ఆరో కిటికీ దగ్గర మదామ్ బహియ్యా ఉంటుంది. మేం వెళ్లేసరికి ఆవిడ ఒళ్లో గిన్నె పెట్టుకుని, రాత్రి వంటకి చిన్న సొరకాయల్లాంటి కూసా కాయలు తొలుస్తోంది. కాయను తిప్పుతూ గుజ్జు బయటికి లాగే ఆ చేతివాటం చూస్తే, ప్రభుత్వ సేవలో నైపుణ్యం కరువైందనే మాట అబద్ధమని తెలుస్తుంది.

“రండి ఇంజినీరమ్మా, ఏం కావాలి?” అంది తలెత్తకుండా.

మా దేశంలో బస్సు దిగేవాణ్ణీ, బస్సు తోలేవాణ్ణీ, బస్సు కింద పడబోయి తప్పుకున్నవాణ్ణీ కూడా ఇంజినీరనే పిలుస్తారు. అది మర్యాద. దానికి దరఖాస్తు అక్కర్లేదు.

“నా కార్డులో వృత్తి మార్చాలి మదామ్. సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాను.”

మదామ్ బహియ్యా కాయ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, అధికారిక వృత్తుల జాబితా తీసింది. పదకొండు వందల పద్నాలుగు వృత్తులున్నాయి అందులో. తర్బూష్ టోపీలకు ఇస్త్రీ చేసేవారు ఉన్నారు. వీధి గ్యాసు దీపాలు వెలిగించేవారు, రెండు తరగతులుగా ఉన్నారు. ఒంటెల బిడారుకు దారి చూపేవారు ఉన్నారు. ఒంటె తప్పిపోయిన సందర్భంలో వారి హోదా ఏమిటో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

“సాఫ్ట్‌వేర్ లేదమ్మా,” అంది. “దీపాలు వెలిగించేది రాయమంటావా? ఖాళీగానే ఉంది.”

“నేను దీపాలు వెలిగించను కదా మదామ్.”

“ఎవరు వెలిగిస్తున్నారు గనక? అదో మాట, అంతే.” మళ్లీ వేలు పెట్టి వెతికింది. “ఇదిగో, ‘యంత్ర నిర్మాత’. ఇది నీకు దగ్గరగా లేదూ?”

“ఉంది.”

“అయితే బాయిలర్ తనిఖీ పత్రం తీసుకురా. యంత్ర నిర్మాతకి బాయిలర్ ఉండాలి.”

“నాకు బాయిలర్ లేదు మదామ్. కంప్యూటరుంది.”

“లేదని నువ్వు చెప్తే చెల్లదు ఇంజినీరమ్మా. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి చెప్పాలి.”

ఇన్‌స్పెక్టర్ షహాతా ఆరు వారాలకి వచ్చాడు. పెద్దమనిషి, మెత్తటివాడు, ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో బాయిలర్లను తనిఖీ చేస్తున్నాడు, అందులో చివరి పదకొండేళ్లు బాయిలర్లు లేకుండా. వగీదా ఇంట్లో పుదీనా టీ తాగి, హాలు చూసి, కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి, వంటింట్లో స్నానాల గీజర్ ముందు ఆగాడు. ముఖం వెలిగింది.

“ఇది పేలుతుందా?” అన్నాడు ఆశగా.

“ఇంతవరకు పేలలేదండీ.”

“పేలే అవకాశం ఉందా అని అడుగుతున్నా. అవకాశం లేనిదాన్ని బాయిలర్ అని రాయలేను తల్లీ. నాకూ పైన అధికారులున్నారు.”

వగీదా కాసేపు ఆలోచించింది. “దాని కవాటం కొంచెం బిగుసుకుంటుంది చలికాలంలో,” అంది, నిజమే కనుక.

షహాతా సంతృప్తిగా తలూపి, ‘గృహ పరిధిలో, ప్రమాదకర సామర్థ్యం గల బాయిలర్ ఒకటి’ అని నివేదిక రాసి, వెళ్లేముందు ఆ కవాటాన్ని తనే నూనె వేసి సరిచేశాడు. ఊరికే. ఈ మొత్తం వ్యవహారంలో ప్రభుత్వం తరఫున మరమ్మతైన వస్తువు అదొక్కటే.

బాయిలరుతో సహా ఫైలు డైరెక్టర్ ఫిక్రీ బే (‘బే’ అంటే మా దగ్గర ‘దొరగారు’) బల్లమీదికి వెళ్లింది. ఆయన మార్జిన్‌లో ఒక వాక్యం రాసి, కింద సంతకం పెట్టి పంపాడు. ఆ వాక్యం ఎవరికీ అర్థం కాలేదు. పన్నెండో గదివాళ్లు ‘ఆరోగ్య శాఖకు పంపండి’ అని చదివి ఆరోగ్య శాఖకు పంపారు. ఆరోగ్య శాఖ ‘అగ్నిమాపక శాఖ అభిప్రాయం కోరండి’ అని చదివింది. నాలుగో గదిలో ఒక అనుభవజ్ఞుడు దాన్ని డైరెక్టరుగారి రెండో సంతకంగా భావించి, ఫైలును అటకమీద పెట్టాడు. ఎవరు చదివినా ఒక విషయం మాత్రం స్పష్టం: చేయాల్సిన పని పక్కవాళ్లది. ఇలా నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో వగీదా భూతద్దం కొనుక్కుంది, తర్వాత ఇంకా మందపాటిది కొనుక్కుంది.

చివరికి మదామ్ బహియ్యాయే, ఫైలు ఎనిమిదోసారి తన దగ్గరికి వచ్చేసరికి, విసుగొచ్చి తన ఫోన్ తీసింది.

“ఉండమ్మా, ‘ఖత్’లో పెట్టి చూద్దాం.”

నేను, వగీదా మొహామొహాలు చూసుకున్నాం.

“మీరు ‘ఖత్’ వాడతారా మదామ్?” అన్నాను.

“అందరం వాడతాం. ఏడాది నుంచి. లేకపోతే ఫిక్రీ బే రాత ఎవడు చదువుతాడయ్యా? మొదట్లో చదివేది కాదు. మేం రోజూ పెట్టగా పెట్టగా దానికీ అలవాటైంది.” గొంతు తగ్గించింది. “మందుల షాపులకే ఆపేశారంట. మనది మందుల షాపు కాదుగా.”

ఫోటో తీసింది. యాప్ రెండు క్షణాలు ఆలోచించి చూపించింది: ‘ఈ విషయం నాకు అర్థం కాలేదు. తెలిసినవారిని ఎవరినైనా అడగండి.’

“అంటే యాప్‌కి అర్థం కాలేదా?” అంది మదామ్.

“కాదు మదామ్,” అంది వగీదా. “డైరెక్టరుగారు రాసిందే అది.”

డైరెక్టరు గదిలోకి వెళ్లాం. ఫిక్రీ బే పదవీ విరమణకు రెండు నెలల దూరంలో ఉన్న సన్నటి మనిషి. ఫైలు మీద తన రాతను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

“ఇది నేనే రాశానా?”

“మీరే బే. సంతకం కూడా ఉంది.”

“ఏం రాశాను?”

చెప్పింది. ఆయన సిగ్గుపడలేదు. “అవును, రాసే ఉంటాను. ముప్పై నాలుగేళ్లలో చాలా ఫైళ్ల మీద అదే రాశాను. ఎవరూ ఎప్పుడూ అడగలేదు,” అన్నాడు. లేచి కరచాలనం చేయబోయి, బల్ల అంచు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. ముఖం తెల్లబడింది.

“కళ్లు తిరుగుతున్నాయా బే?”

“తొమ్మిది రోజులుగా. రక్తపోటుకి కొత్త బిళ్లలు రాశారు. అలవాటవుతాయన్నారు షాపులో.”

“చీటీ ఉందా?”

జేబులోంచి తీసిచ్చాడు. వగీదా కిటికీ దగ్గరికి వెళ్లి, భూతద్దం పెట్టి, వెలుతురుకు అటూ ఇటూ వంచి చూసింది. ఇదివరకైతే చెయ్యిచాచి అందుకునేలోపే చదివేసేది.

“రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?”

“రెండు.”

“ఇది రెండు కాదు బే. సగం. ఈ రెండు పైన ఒకటి ఉంది, మధ్యలో గీత ఉంది. ఈ డాక్టరుగారు ఆ గీతని కలం ఆనించీ ఆనించనట్టు వేస్తారు. నాకు తెలుసు, పదహారో నోటు పుస్తకం.” భూతద్దం దించింది. “నాలుగు రెట్లు వేసుకుంటున్నారు మీరు. ఇంక వేసుకోకండి. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేయండి, నా ముందే.”

చేశాడు. అవతలివైపు డాక్టరు అరుపు మాకూ వినిపించింది. ఫోన్ పెట్టేసి ఫిక్రీ బే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ షాపువాళ్లు ఇదివరకు యాప్ పెట్టి చూసేవాళ్లు,” అన్నాడు. “ఇప్పుడు ఎందుకు మానేశారో?”

మేం గోడవైపు చూశాం. యాప్ ఆపమన్న నోటీసు అక్కడ ఆయన సంతకంతోనే ఉంది.

ఫిక్రీ బే మంచివాడు. మిగిలిన రెండు నెలల్లో ఆయన తన జీవితంలో మొదటిసారి టైపు చేయించిన లేఖ కైరోకి రాశాడు: జాబితాలో కొత్త వృత్తి చేర్చాలని, ఆ మనిషి ఫలానా వగీదా అని, ఆవిడ లేకపోతే ఈ లేఖ రాసేవాడు ఉండేవాడు కాదని. కైరోలో సంఘం వేశారు. సంఘం తొమ్మిది సార్లు కూర్చుంది. ఎనిమిది నెలల తర్వాత గెజెట్ వచ్చింది. వృత్తి సంఖ్య పదకొండు వందల పదిహేను: ‘సాంకేతిక ఉత్పత్తుల నిర్మాత’.

స్టేషను వీధిలో ఆ రోజు డాక్టర్ రిఫ్అత్ అందరికీ షర్బత్ పోయించాడు. గెజెట్ రెండో పేజీ మేం తర్వాత చదివాం. ఈ వృత్తి కోరేవారు అదే వృత్తిలో కనీసం ఐదేళ్లు నమోదై ఉండాలి. మినహాయింపు ఇచ్చే అధికారం స్థానిక డైరెక్టరుది. ఫిక్రీ బే అప్పటికి రిటైరై, రోజుకి సగం బిళ్ల వేసుకుంటూ, అలెగ్జాండ్రియాలో కూతురి దగ్గర ఉన్నాడు.

కొత్త డైరెక్టరు రాగెబ్ బే. ఆయనా చేత్తోనే రాస్తాడు. ఆయన రాత ‘ఖత్’కి ఇంకా అలవాటు కాలేదు, ‘నాకు తెలియడం లేదు’ అంటోంది. అందుకని పోయిన మంగళవారం మదామ్ బహియ్యా ఫోన్ చేసింది.

“ఇంజినీరమ్మా, నీ ఫైలు మీద రాగెబ్ బే రాసేశారు. మాకు తెలియడం లేదు. నువ్వే ఓసారి వచ్చి చదివిపెట్టమ్మా. ఆయన కైరో వెళ్లారు, శిక్షణకి.”

వెళ్లాం. వగీదా మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకుంది; ఈ మధ్య మెట్ల అంచులు తెలియడం లేదు. ఆరో కిటికీ చుట్టూ పన్నెండో గది, నాలుగో గది కూడా చేరి ఉన్నాయి. ఫైలు మీద ఒకే మాట. మొదటి అక్షరం పక్కన దుమ్ము పడ్డట్టు చిన్న గీత.

“‘అర్హురాలు’ అనుందమ్మా!” అన్నాడు పన్నెండో గది ఆయన. “నేను పొద్దున్నే చెప్పా. చూడు, ‘అర్హ’ కనబడుతూనే ఉందిగా. మబ్రూక్!”

“మబ్రూక్, మబ్రూక్,” అని అభినందించారు అందరూ. ఎవరో టీ చెప్పారు. మదామ్ బహియ్యా సర్కారు గద్ద ముద్ర తీసి, ఇంకు బిళ్ల మూత విప్పి, “పద్ధతి ప్రకారం చదివినవాళ్లు ఒకరు పైకి చెప్పాలి,” అంది. “చదువు తల్లీ. నీ నోటితోనే చదువు.”

వగీదా కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. భూతద్దం పెట్టింది. కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా జరుపుకుంది. మేమందరం చూస్తున్నాం. ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగడం నాకు కనబడింది.

“మొదటి అక్షరం పక్కన ఉన్నది గీత కాదు,” అంది. “అది కూడా అక్షరమే. ‘అనర్హురాలు’.”

టీ వచ్చింది, ఎవరూ తీసుకోలేదు.

“ఇంకోసారి చూడు వగీదా,” అంది మదామ్ బహియ్యా మెల్లగా. ఆవిడ పేరుతో పిలవడం అదే మొదటిసారి. “ఇవాళ మబ్బుగా ఉంది. వెలుతురు చాలడం లేదేమో. నువ్వేం చెప్తే దానికే నేను ముద్ర కొట్టేస్తాను.”

“వెలుతురు బాగానే ఉంది మదామ్.”

“నీకు సరిగ్గా కనబడటం లేదు కదమ్మా, అందరికీ తెలుసు. తప్పు చదివావని ఎవరూ అనరు.”

“అందుకేగా మదామ్ రెండుసార్లు చూశాను,” అంది వగీదా.

మదామ్ బహియ్యా ముక్కు చీది, సొరుగులోంచి ‘రాత పఠన ధ్రువపత్రం’ అనే ఫారం తీసింది. ఫైలు మూసేముందు అది నింపడం నియమం. దరఖాస్తుదారు పేరు రాసింది. చదవబడిన మాట రాసింది: ‘అనర్హురాలు’. చదివినవారి పేరు దగ్గర వగీదా చేత సంతకం పెట్టించింది. దాని కింద, ఖాళీగా వదిలితే చెల్లని గడి ఇంకొకటి ఉంది, ‘చదివినవారి హోదా’ అని. మదామ్ బహియ్యా అందులో ‘సాంకేతిక నిపుణురాలు’ అని రాసి, గద్ద ముద్ర వేసింది.